బందరు రోడ్డు నేర్పిన పాఠం

విజయవాడలో బందరు రోడ్డుకు కాగితాల మీద ఉన్న పేరు మహాత్మాగాంధీ రోడ్డు. జనం నోట మాత్రం పాత పేరే నిలిచింది. అది సబబే. ఆ దారి లబ్బీపేట, బెంజ్ సర్కిల్ దాటి, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా సుమారు 70 కిలోమీటర్లు సాగి బందరుకు, అంటే మచిలీపట్నానికి చేరుతుంది. బందర్ అన్నది పారశీక పదం. రేవు అని దాని అర్థం.

నేను వన్‌టౌన్‌లోని ఒక మదర్సాలో ఇరవై ఎనిమిదేళ్లుగా హదీసు, అరబ్బీ వ్యాకరణం బోధిస్తున్నాను. ఈ రోడ్డు మీద వందలసార్లు తిరిగాను. కాని గత డిసెంబరులో రెండు రోజుల పాటు చేసిన ప్రయాణం నా వృత్తిని గురించే నాకొక పాఠం నేర్పింది. పిల్లలను పైచదువులకు విదేశాలకు పంపాలని తలపోస్తున్న తల్లిదండ్రులకు అది ఉపకరిస్తుందన్న ఆశతో ఇక్కడ పొందుపరుస్తున్నాను.

నా చెల్లెలిని బందరులో ఇచ్చాము. ఆమె కుమారుడు మా ఇంట్లోనే ఉండి విజయవాడలో బీకాం పూర్తి చేశాడు. బ్రిటన్‌లో ఎమ్మెస్సీ ఫైనాన్స్ చదవాలని అతని కోరిక. ఒకరోజు చెల్లెలు ఫోన్ చేసి, “భాయ్‌జాన్, వాడు చేరదలచిన కోచింగ్ సెంటర్‌ను మీరొకసారి చూడండి. ఆ తరువాత వాడిని వెంటబెట్టుకొని బందరు రండి. మీరు సరేనంటే దాదా గారు పొలం గురించి ఆలోచిస్తామంటున్నారు” అంది. ఒక ఎకరం పొలం, ఒక పిల్లవాడి భవిష్యత్తు నా మాట మీద ఆధారపడ్డాయని అర్థమై, ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

బెంజ్ సర్కిల్‌లో ఒక తరగతి

శనివారం నాడు మేమిద్దరం బెంజ్ సర్కిల్ సమీపంలోని ఒక మూడంతస్తుల భవనం మెట్లెక్కాము. చుట్టుపక్కల ఏ గోడ చూసినా బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా జెండాలే. లోపల ముప్పైమంది విద్యార్థులున్నారు. గుడివాడ, అవనిగడ్డ, నూజివీడు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవారు కూడా వారిలో ఉన్నారు. బోధకురాలు మర్యాదస్తురాలు. గడ్డం, టోపీలతో వచ్చిన నన్ను వెనుక కుర్చీలో కూర్చోబెట్టి పాఠం విననిచ్చింది.

ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు భాగాలున్నాయి. రాయడానికి ఒక గంట. అందులో మొదట ఒక గ్రాఫును గాని పట్టికను గాని చూసి కనీసం 150 మాటల్లో వివరించాలి. ఆ తరువాత ఒక అంశంపై కనీసం 250 మాటల వ్యాసం రాయాలి. మార్కులను తొమ్మిది వరకు బ్యాండ్‌లుగా లెక్కిస్తారు. బ్రిటన్‌లో ఎమ్మెస్సీ ఫైనాన్స్‌కు చాలా విశ్వవిద్యాలయాలు 6.5 గాని, 7 గాని అడుగుతాయి. ఒకసారి వచ్చిన ఫలితం రెండేళ్ల వరకే చెల్లుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. తరువాత పిల్లలందరికీ ఒక కాగితం పంచారు. ఏ అంశమిచ్చినా వ్యాసాన్ని ఎలా మొదలుపెట్టాలో, ఎలా ముగించాలో ముందే తయారుచేసిన వాక్యాలు అందులో ఉన్నాయి. మధ్యలో ఖాళీలు, అంశం పేరు వాటిలో నింపితే చాలు. పిల్లలు పెదవులు కదుపుతూ వాటిని వల్లె వేయసాగారు. పరీక్షకులు ఇటువంటి కంఠస్థ సమాధానాలను పసిగడితే మార్కులు తగ్గిస్తారని ఆ బోధకురాలే చెప్పింది. మరి ఎందుకు పంచుతున్నారని అడిగాను. “వీళ్లకున్న వ్యవధి ఆరు వారాలే సార్. అంతకన్నా ఏమి చేయగలం?” అంది. ఆ జవాబులో నిజాయితీ ఉంది.

పక్క గదిలో కౌన్సెలర్ ఖర్చులు లెక్కవేశాడు. ఫీజు, బస, భోజనం, విమానం కలిపి 35 లక్షలు తేలింది. వీసాకు దరఖాస్తు చేసేముందు నిర్ణీత మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలన్నాడు. అంత సొమ్ము మా దగ్గర లేదన్నాము. “దానికీ మనుషులున్నారు. నెల రోజులకు సొమ్ము వేస్తారు, వడ్డీ తీసుకుంటారు, అంతే” అన్నాడు తేలికగా. వడ్డీ ఒక పాపం. మనది కాని సొమ్మును మనదని చూపడం మరొక పాపం. విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టకముందే పిల్లవాడిచేత అబద్ధం చెప్పించే ఏర్పాటు అది. నేను లేచి నిలబడ్డాను. మేనల్లుడు తలవంచుకొని నా వెంట మెట్లు దిగాడు.

ఒక పాత శిష్యుడి ఫోన్

ఆ కాగితంపై ఖాళీలు చూసినప్పుడు నాకు కొన్నేళ్ల క్రితం నాటి ఒక సంఘటన జ్ఞాపకం వచ్చింది. నా దగ్గర మూడేళ్లు చదువుకున్న ఒక విద్యార్థి తరువాత డిగ్రీ చేసి, బ్రిటన్‌లో ఇదే ఫైనాన్స్ చదువులో చేరాడు. తెలివైనవాడు, ధారణశక్తి కలవాడు. మొదటి విడత చదువులోనే ఒక రాత్రి ఫోన్ చేసి ఏడ్చాడు. అతడు సమర్పించిన వ్యాసంలో పాఠ్యపుస్తకపు వాక్యాలు యథాతథంగా ఉన్నాయని కంప్యూటరు పట్టుకుంది. విచారణకు పిలిచారు. ఆ వ్యాసానికి సున్నా వేసి, మరొక అవకాశం ఇచ్చారు.

“హజ్రత్, నేను దొంగతనం చేయలేదు. పుస్తకం ముందు పెట్టుకొని కాపీ కొట్టనూ లేదు. కంఠస్థం చేసిందే రాశాను. కంఠస్థం చేయడం కూడా తప్పేనా?” అని అడిగాడు.

ఆ రాత్రి నాకు ఆ విశ్వవిద్యాలయం మీదనే కోపం వచ్చింది. ధారణను గౌరవించే సంప్రదాయం మనది. అది వారికేమి తెలుసు అనుకున్నాను. మరునాటి ఉదయం హదీసు తరగతిలో ఒక విద్యార్థి ఉల్లేఖకుల పరంపరను వదిలేసి నేరుగా హదీసు మూలం చదవబోయాడు. నేను అలవాటుగా ఆపి, “ఎవరి ద్వారా?” అని అడిగాను. అడిగిన మాట నా నోటిలోనే ఉండగా రాత్రి ఫోన్ గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను.

ఆ అబ్బాయిని వారు అడిగిన ప్రశ్న కూడా అదే కదా: ఈ మాట నీకు ఎవరి ద్వారా వచ్చింది? మన ముహద్దిసులు సనదును ధర్మంలో భాగంగా ఎంచారు. ఒక్కొక్క హదీసు కోసం నెలల తరబడి ప్రయాణించారు. ఉల్లేఖకుడి పేరు చెప్పని మాటను స్వీకరించలేదు. ఆ క్రమశిక్షణను నేను మూడేళ్లు అతనికి బోధించాను. కాని అది హదీసు గదికే పరిమితమైనదన్నట్టు బోధించాను. ఏ విద్యకైనా అదే నీతి వర్తిస్తుందని ఒక్కనాడూ చెప్పలేదు. అతనికి పడిన సున్నాలో నా వాటా కూడా ఉంది.

అతడు వ్యాసం తిరిగి రాశాడు. ప్రతి అభిప్రాయం పక్కన అది ఎవరిదో పేర్కొన్నాడు. అల్లాహ్ దయవల్ల ఉత్తీర్ణుడై, చదువు పూర్తి చేశాడు.

కాలువ వెంట

ఆదివారం ఉదయం మేనల్లుడు, నేను పల్లెవెలుగు బస్సులో బందరుకు బయలుదేరాము. కోతల కాలం. కంకిపాడు దాటగానే రోడ్డంచున బరకాల మీద ధాన్యం ఆరబోసి ఉంది. 1850లలో కృష్ణకు ఆనకట్ట కట్టాక, 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యాక కాలువల నీరు ఈ నేలను అన్నపూర్ణగా మార్చింది. అంతకుముందు 1830లలో ఇదే నేల మీద కరువు వేలమందిని బలిగొన్నది.

బస్సులో నేను అతని చేతిలోని ఫైనాన్స్ పుస్తకం తీసుకొని కొన్ని పదాల అర్థాలు అడిగాను. ‘సెక్యూరిటీ’ అంటే ఏమిటన్నాను. మన అపార్ట్‌మెంటు గేటు దగ్గర కుర్చీలో కూర్చునే మనిషి కాదని నవ్వాడు. కొనుగోలు అమ్మకాలకు వీలైన ఆర్థిక పత్రమట. ‘యీల్డ్’ అంటే? రోడ్డు పక్కన బస్తాలు నింపుతున్న రైతును చూపించి, “ఎకరాకు ఎన్ని బస్తాలు అన్నట్టే, పెట్టిన సొమ్ముకు ఏడాదికి ఎంత రాబడి అని, మామూ” అన్నాడు. బాగుందన్నాను.

‘ఫార్వర్డ్’ ఒప్పందం దగ్గర తడబడ్డాడు. అప్పుడు నేను మా ఫిఖహ్ పుస్తకాల్లోని ‘బయె సలమ్’ వివరించాను. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు అక్కడి ప్రజలు ఏడాది, రెండేళ్ల తరువాత రాబోయే పండ్లకు ముందుగానే సొమ్ము చెల్లించడం చూశారు. కొలత, తూకం, గడువు స్పష్టంగా ఉండాలని షరతు పెట్టి దానిని అనుమతించారు. ఈ డెల్టాలో రైతుకు ముందుగా సొమ్మిచ్చి పంట మాట్లాడుకునే వ్యాపారికి ఈ మూడు షరతులే న్యాయం నేర్పుతాయి. “సలమ్‌లో సొమ్ము మొత్తం ముందే ఇవ్వాలి, ఫార్వర్డ్‌లో సొమ్ము కూడా తరువాతే. అదే తేడా” అని మేనల్లుడే పోల్చి చెప్పాడు. అతని ముఖంలో వెలుగు కనిపించింది. ఆంగ్లంలో మూడుసార్లు చదివినా అంటని విషయం తనకు తెలిసిన నేల మీద నిలబడగానే అర్థమైంది.

ఉయ్యూరు దాటాక మరొక పదం వచ్చింది: ‘హెడ్జింగ్’. కంచె వేయడమని దాని అసలు అర్థం. ఫైనాన్స్‌లో నష్టం రాకుండా ముందుజాగ్రత్త పడడాన్ని అలా అంటారు. ఆశ్చర్యమేమంటే, విశ్వవిద్యాలయపు ఆంగ్ల రచనలోనూ అదే పదం వాడతారు. ఆధారం ఎంత ఉన్నదో అంతవరకే మాట చెప్పడం అక్కడ దాని భావం. ‘వడ్డీ రేట్లు పెరిగితే షేర్లు పడిపోతాయి’ అని ఖండితంగా రాస్తే ఆచార్యులు ఒప్పుకోరు. ‘ఈ దేశంలో, ఈ సంవత్సరాల్లో, ఈ గణాంకాల ప్రకారం అటువంటి ధోరణి కనిపిస్తున్నది’ అని రాయాలి.

ఇది మనకు కొత్తదా? సహీహ్, హసన్, జయీఫ్ అని హదీసుల స్థాయిలను విడదీసింది మన విద్వాంసులే. ఫత్వా చివర ‘వల్లాహు ఆలమ్’ అని రాసేదీ మనమే. ఇమామ్ మాలిక్ (రహ్మ) తమను అడిగిన అనేక ప్రశ్నలకు తెలియదనే జవాబిచ్చారని గ్రంథాలు చెబుతున్నాయి. మేము మంతిఖ్‌లో ‘దావా’ ఏమిటి, ‘దలీల్’ ఏమిటి అని విడదీయడం పద్నాలుగేళ్ల పిల్లలకు నేర్పుతాము. పరిశోధన వ్యాసంలో పూర్వ రచనల సమీక్ష, పద్ధతి, ఫలితాలు, పరిమితులు అన్న విభాగాలు కూడా ఆ దావా, దలీళ్లకు కట్టిన గదులే.

అంటే అకడమిక్ ఇంగ్లీషు అనేది వారి ఉచ్చారణను అనుకరించడం కాదు, బరువైన పదాలు గుప్పించడమూ కాదు. ఈ మాట ఎవరిది, దీనికి ఆధారం ఏమిటి, దీనిని ఎంత గట్టిగా చెప్పవచ్చు? ఈ మూడు ప్రశ్నలకు రాతలో నిజాయితీగా జవాబివ్వడమే అది. వ్యాకరణం, పదసంపద అవసరమే. కాని అవి ఆ నిజాయితీకి పనిముట్లు మాత్రమే.

రేవు పట్టణంలో

బందరులో జుహర్ నమాజు చేసి, భోజనానికి ముందు ఊరు చూద్దామన్నాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఊరే అయినా మేనల్లుడు వెంట వచ్చాడు.

గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది రాజ్యానికి ప్రధానమైన రేవు. ఇక్కడి కలంకారీ వస్త్రాలు ఎర్రసముద్రం మీది మోఖాకు, పారశీక తీరానికి, బర్మాకు వెళ్లేవి. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు ఇక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. ఆనాడు భాష రానిది వారికి. దుబాసీ లేకుండా వారు ఒక్క బేరం కూడా కుదుర్చుకోలేకపోయేవారు. షరాబు అని మనం పిలిచే సొమ్ము వర్తకుడి పేరు కూడా అరబ్బీ ‘సర్రాఫ్’ నుంచే వచ్చింది. ఇక్కడే 1820లలో ఉద్యోగం చేసిన సీపీ బ్రౌన్ పండితులను ఆశ్రయించి, ప్రతులు పోల్చి, ఏళ్ల తరబడి తెలుగు నేర్చాడు. 1852లో నిఘంటువు వెలువరించాడు. పరాయి భాషలో విద్వాంసుడు కావడానికి ఆరు వారాలు చాలవని చెప్పడానికి ఆయన జీవితమే సాక్ష్యం.

1843లో రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ ఈ ఊరిలో ఆంగ్ల పాఠశాల తెరిచాడు. అదే నేటి నోబుల్ కాలేజీ. 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు ఇక్కడే ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. వడ్డీ వ్యవహారాన్ని నేను సమర్థించను. అయితే సొమ్ము నడక తెలిసినవారే సంస్థలు కట్టగలరన్న నిజాన్ని ఎలా కాదనగలను? వడ్డీ లేని మార్గం కావాలని కోరే మనమే ఆ విద్యకు దూరంగా ఉంటే ఆ మార్గం ఎవరు వేస్తారు? మలేషియా కేంద్ర బ్యాంకు 2005లో కౌలాలంపూర్‌లో ఇస్లామిక్ ఫైనాన్స్ కోసమే ‘ఇన్‌సెఫ్’ అనే ఉన్నత విద్యాసంస్థను నెలకొల్పింది. బ్రిటన్‌లో డర్హమ్ విశ్వవిద్యాలయంలోనూ ఆ విషయం బోధిస్తారు. ఈ మాట విని మేనల్లుడు, “వాటి గురించి కౌన్సెలర్ చెప్పనే లేదు, మామూ” అన్నాడు.

దాదా గారి ప్రశ్న

భోజనాలయ్యాక అందరూ కూర్చున్నారు. దాదా గారికి ఎనభై దాటాయి. గూడూరు దగ్గర ఉన్న మూడెకరాలు ఆయన చేతి కష్టం. “మౌలానా, అమ్మమంటారా?” అని సూటిగా అడిగారు.

నేను తెలిసినంతవరకే చెప్పాను. అబ్బాయి సమర్థుడే, కాని సిద్ధంగా లేడు. అక్కడ ఎమ్మెస్సీ ఒక్క ఏడాదే. చేరిన కొన్ని వారాలకే వ్యాసాలు సమర్పించాలి. అక్కడికి వెళ్లాక నేర్చుకుందామంటే వ్యవధి ఉండదు. కోర్సుకు ముందు వేసవిలో కొన్ని విశ్వవిద్యాలయాలు ఆరు నుంచి పన్నెండు వారాల ఆంగ్ల శిక్షణ ఇస్తాయి. అది మంచిదే గాని దానికి వేరే ఫీజు. విదేశీ విద్యారుణంపై మైనారిటీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చిన ‘పఢో పర్‌దేశ్’ వడ్డీ రాయితీ 2022-23 నుంచి ఆగిపోయింది. చెవెనింగ్ వంటి పూర్తి ఉపకార వేతనాలకు రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి. వడ్డీ రుణం విషయంలో ముఫ్తీ గారిని సంప్రదించండి. నా మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. 28 రోజుల అద్దె సొమ్ము సంగతి చెప్పగానే దాదా గారు చెయ్యెత్తి, “ఆ మాట వద్దు” అన్నారు.

చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి. “తోటివాళ్లంతా వెళ్లిపోతున్నారు, భాయ్‌జాన్. వీడు వెనకబడిపోడా?” అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. మేనల్లుడే నోరు విప్పాడు. “అమ్మీ, ఆ కాగితంలో ఖాళీలు నింపి బ్యాండ్ తెచ్చుకోవచ్చు. కాని తరువాత రాయవలసింది నేనే కదా. నాకు సమయం ఇవ్వండి” అన్నాడు.

చివరకు పొలం అమ్మకూడదని నిర్ణయమైంది. అబ్బాయి విజయవాడలో ఒక ఆడిటర్ దగ్గర ఉద్యోగంలో చేరాలి. వారానికి ఒక ఫైనాన్స్ పరిశోధన వ్యాసం చదివి, దాని దావా, దలీల్, పరిమితి ఏమిటో ఒక పేజీలో సొంత మాటల్లో రాయాలి. ప్రతి మాటకూ మూలం పేర్కొనాలి. గణాంకశాస్త్రం తిరిగి చదవాలి. రోజూ పావుగంట తాను చదివింది ఆంగ్లంలో చెల్లెలికి వివరించాలి. ఆమె ఇంటర్ చదువుతున్నది. రెండేళ్ల తరువాత ఉపకార వేతనాలకు, ఇస్లామిక్ ఫైనాన్స్ కోర్సులకు దరఖాస్తు చేయాలి. పరీక్ష ఫీజులకు, పుస్తకాలకు నేనూ అతని తండ్రీ చెరో యాభై వేలు కర్జె హసనాగా ఇవ్వాలి.

అప్పుడు దాదా గారు ఒక మాటన్నారు. దివ్యఖుర్‌ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయతు రుణపత్రం రాసుకోవడం గురించే కదా, మనమెందుకు రాసుకోము? కాగితం, కలం అబ్బాయి చేతికిచ్చి, తెలుగులోనూ ఆంగ్లంలోనూ రాయమన్నారు. అతడు రాసి వినిపించాడు. ఉద్యోగం వచ్చాక వీలైనంత త్వరలో తీర్చగలనని ఉంది.

“త్వరలో అంటే ఎప్పుడు?” అన్నారు దాదా గారు.

అబ్బాయి ఆ వాక్యం కొట్టేశాడు. ఏ నెల నుంచి, నెలకు ఎంత, ఎన్ని నెలల్లో అని మళ్లీ రాశాడు. ఉద్యోగం రాకపోతే ఏమిటన్నది మూడోసారి చేర్చాడు. రెండు భాషల్లోనూ ఒకే అర్థం వస్తున్నదో లేదో పోల్చి చూశాడు. ఇద్దరు సాక్షులు సంతకాలు చేసేసరికి అసర్ అజాన్ వినిపించింది. ముందురోజు తరగతిలో నేను చూసిన పాఠం కన్నా ఇది మంచి పాఠమనిపించింది.

సోదర సోదరీమణులారా! మీ ఇంట్లో ఇటువంటి కోరిక గల అబ్బాయి గాని, అమ్మాయి గాని ఉంటే డిగ్రీ రెండో సంవత్సరంలోనే సిద్ధం చేయడం మొదలుపెట్టండి. ఆంగ్లం రాదని కించపరచకండి, వచ్చినట్టు నటించనివ్వకండి. చదివిన ప్రతి మాటకూ “ఎవరి ద్వారా?” అని అడగండి. మదర్సా ఉపాధ్యాయులకు నా విన్నపం కూడా అదే. మన దగ్గరున్న ఈ అమానతును ఒక్క గదిలో పెట్టి తాళం వేయవద్దు.

తిరుగు ప్రయాణంలో పామర్రు దాటేసరికి చీకటి పడింది. మేనల్లుడు ఫోన్ వెలుగులో ఆ ఫైనాన్స్ పుస్తకం చదువుతూ, పెన్సిలుతో అంచున ఏదో రాసుకుంటున్నాడు. అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, ధర్మసమ్మతమైన ఉపాధిని, సత్యం పలికే కలాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.